నీరు తీసిన వేళ

వాక్యభాగములు: నిర్గమకాండము 14:21–28; యెహోషువ 4:15–18; యోహాను 9:4



మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో మాకు మొట్టమొదట నేర్పిన సూత్రము ఒకటి ఉన్నది. పిల్లవానిని తెలిసినదాని నుండి తెలియనిదానికి నడిపించవలెను అనునదే అది. మన ప్రభువు కూడ ఆలాగే బోధించెను. విత్తువానిని, వలను, పులిసిన పిండిని చూపి పరలోకరాజ్యమును గూర్చి చెప్పెను. కనుక ఈసారి మనము యానాం దగ్గరి గౌతమి నీటినుండి మొదలుపెట్టుదము. మీలో అనేకులకు ఆ నీరు తెలియును. తెలియని పిల్లలకు మీరే ఇంటిలో చెప్పవలెను.

యానాం పట్టణము గౌతమీ గోదావరినుండి కోరంగి పాయ చీలు చోట, బంగాళాఖాతమునకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 1954వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండెను. నేడు పుదుచ్చేరి ప్రాంతములో భాగమైనను, చుట్టును ఉన్నది ఆంధ్రప్రదేశే. అక్కడ ప్రవహించునది నదియే గాని, అది సముద్రము మాట వినును. సముద్రము పొంగినప్పుడు నది పైకి ఎక్కును; సముద్రము తగ్గినప్పుడు నదియు తగ్గును. ఆ చుట్టుపట్ల ఊళ్ల పేర్లు చూడుడి: దరియాలతిప్ప, ఇసుకతిప్ప, ఫ్రాన్సుతిప్ప. తిప్ప అనగా నీటి నడుమ లేచిన మెరక. నది తెచ్చిన ఇసుకయు ఒండ్రునే ఆ మెరకలను చేసినవి. కొన్ని తిప్పలమీద ఊళ్లు వెలసినవి. కొన్ని నేటికిని రోజుకు రెండుసార్లు బయటపడుచు, రెండుసార్లు నీటి చేతిలో చిక్కుచున్నవి.

నీరు ఎక్కుటను పోటు అనియు, నీరు తీయుటను పాటు అనియు మన తీరమువారు పిలుచుదురు. ఇది ముఖ్యముగా చంద్రుని ఆకర్షణవలన, కొంత సూర్యుని ఆకర్షణవలన కలుగును. ఒక పోటుకును మరియొక పోటుకును మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషములు. అందుచేత ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. అమావాస్యకును పౌర్ణమికిని నీరు బాగుగా ఎక్కి, బాగుగా తీయును. అష్టమి నాటికి ఆ తేడా తగ్గును. పంచాంగము చేత లేని జాలరి కూడ తిథి చెప్పగానే నీటి వేళ చెప్పగలడు. నేడు ప్రభుత్వ సంస్థలు ఈ వేళలను ముందుగానే లెక్కకట్టి పట్టికలుగా ప్రకటించుచున్నవి.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము, సంఘపు యౌవనస్థులు కొందరు, ఒక జాలరి పెద్దాయనను వెంటబెట్టుకొని పాటు వేళ ఒక చిన్న తిప్పకు నడిచి వెళ్లితిమి. ఒడ్డుకును తిప్పకును మధ్య ఒక కాలువ. పోటులో అది మనిషి లోతు; పాటులో మోకాటి లోతైనను ఉండదు. ఆయన మాకు మూడు మాటలు చెప్పెను. తన అడుగులోనే అడుగు వేయవలెను. అలల గీతలు పడిన ఇసుక గట్టిది, దానిమీద నడవవచ్చును. నున్నగా నల్లగా మెరయు బురద కూరుకొనిపోవునది, దానిమీద కాలు పెట్టరాదు.

తిప్పమీద పిల్లలు పీతల బొరియలు చూచిరి, మడ మొక్కలు చూచిరి, పక్షుల కాలిజాడలు లెక్కపెట్టిరి. తెచ్చుకొన్న అన్నము పొట్లములు విప్పబోయిరి. పెద్దాయన మాత్రము కూర్చుండలేదు. సముద్రమువైపు కూడ చూడలేదు. మేము దాటి వచ్చిన ఒడ్డువైపే చూచుచు నిలిచెను.

"ఏంటి తాతా, సముద్రం అటు కదా! ఇటు చూస్తున్నావేంటి?" అని ఒక కుర్రవాడు అడిగెను.

"సముద్రం అటే బాబూ. కానీ నీరు మనల్ని చుట్టేది ఇటునుంచే. తిప్ప ఆఖర్న మునుగుద్ది. మనం దాటొచ్చిన కాలవ ముందు నిండుద్ది. నీ కాళ్ళు తడిసేదాకా కూర్చున్నావనుకో, అప్పటికి నీ దారి పోయినట్టే" అని ఆయన చెప్పి, మాతట్టు తిరిగి, "మాస్టారూ, ఇంటికెళ్ళి తిందురుగాని, లేవండి" అనెను. పిల్లలు సణిగిరి గాని, లేచిరి. మేము తిరిగి దాటునప్పటికి కాలువలో నీరు తొడలకు వచ్చియుండెను. వెనుకకు తిరిగి చూడగా తిప్ప ఇంకను పొడిగానే ఉండెను.

ప్రియులారా, ఈ నడకలో మనకు మూడు సంగతులు కనబడుచున్నవి.

మొదటిది, దారి తెరచువాడు దేవుడు. ఆయన దానిని దాటుటకే తెరచెను.

నిర్గమకాండము 14వ అధ్యాయములో మోషే చెయ్యి చాపగా, యెహోవా రాత్రి అంతయు బలమైన తూర్పు గాలి వీచునట్లు చేసి, సముద్రమును పాయలుగా చేసెనని చదువుచున్నాము. అది వట్టి ఆటుపోటులే అని చెప్పువారు ఉన్నారు. పోటును పాటును ఎరిగిన మనము ఒక సంగతి గమనింపవలెను. ఆటుపోటులు మిత్రులని శత్రువులని ఎరుగవు. వాక్యములో దారి తెరవబడినది పిలువబడిన జనుల కొరకు. ఆ దారినే తన రథబలముమీద ఆనుకొని తరిమినవానికి అది సమాధి ఆయెను. నేల ఒక్కటే, నడచినవారి నడకలు వేరు.

యొర్దాను దగ్గర యెహోషువ దినములలో కూడ ఇట్లే జరిగెను. మందసము మోయు యాజకులు నది నడుమ ఆరిన నేలను నిలిచిరి. జనులందరు దాటువరకు వారు కదలలేదు. అయితే అందరు దాటిన తరువాత వారును పైకి రావలసినదేనని యెహోషువ ఆజ్ఞాపించెను. వారి అరకాళ్లు గట్టు తాకగానే నీళ్లు తమ చోటికి తిరిగి వచ్చెను. దేవుడు ఆరబెట్టిన చోటనైనను కాపురము పెట్టుటకు యాజకునికే సెలవు లేకపోయినది గదా! అవకాశమనునది ఆలాటిదే. అది నివాసము కాదు, దారి.

రెండవది, మనకు ముందు నడచినవారి జాడలు మనకు అవసరము.

ఇంగ్లండు ఈశాన్య తీరమున లిండిస్‌ఫార్న్ అను చిన్న ద్వీపమున్నది. 635వ సంవత్సరమున అయిడన్ అను దైవసేవకుడు అక్కడ దిగి, ఆ ప్రాంతమువారికి సువార్త ప్రకటించెను. పాటు వేళ దానికి నడిచిపోవచ్చును. పోటు వేళ అది ద్వీపము. ఇసుకలో నడచు యాత్రికులకు త్రోవ తెలియుటకై వరుసగా గుంజలు పాతియున్నారు. చిక్కుకొన్నవారు ఎక్కి ప్రాణము దక్కించుకొనుటకు ఎత్తైన మంచెలను కట్టియున్నారు. కార్లకు వేరుగా రోడ్డు ఉన్నది. దాని మొదట ఏ గంటనుండి ఏ గంటవరకు దాటవచ్చునో పట్టిక వేసియున్నది. అయినను ఏటేట కొందరు ఆ పట్టికను చూచియే, ఇంకను కొంచెము సమయమున్నదని తలంచి, కార్లతో సహా నీటిలో చిక్కుకొనుచున్నారు. వారికి చదువు లేక కాదు. చదివిన మాట తమకు వర్తింపదని వారు తలంచుటయే కారణము.

మనకును అట్టి గుంజలు పాతినవారు ఉన్నారు. యానాం ప్రక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు గొప్ప ఓడరేవు. ఆ రేవు పేరుననే బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలిచిరి. వారిలో కూలికి పోయినవారు ఎందరో; ప్రార్థన మరువక పోయినవారు కొందరు. 1903లో నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యగారిని దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు పంపిరి. చెరకు తోటలలోను తేయాకు తోటలలోను పనికి పోయిన మన ప్రజలను సంఘములుగా కూర్చుట ఆయన పని. ధనవంతులైన సంఘములు కావు ఆయనను పంపినవి. దాటి పోయినవారిని దాటి వెళ్లి కలిసికొనవలెనని ఎరిగిన సంఘములు అవి. ఈనాడు మీరు కూర్చుండు ఆలయపు బల్లలు కూడ అట్టివారి జాడలమీదనే ఉన్నవి.

మూడవది మిక్కిలి ముఖ్యమైనది. నీరు వెనుకనుండి వచ్చును.

స్థిరపడిన మనవంటివారు ఈ మాటను జాగ్రత్తగా వినవలెను. మన కాళ్లక్రింద నేల పొడిగానే ఉన్నది. ఉద్యోగమున్నది, ఇల్లున్నది, పిల్లలకు చదువున్నది, ఆదివారమునకు ఆలయమున్నది. అందుచేత అంతయు క్షేమమే అని తోచును. మనము దాటి వచ్చిన కాలువ సంగతి ఏమి? ఊరిలో మిగిలిన తలిదండ్రులు, మాట్లాడని తోబుట్టువులు, తీర్చని బాకీలు, మనుమలకు అర్థము కాని తెలుగు బైబిలు, ఇవియే ఆ కాలువ. అది నిశ్శబ్దముగా నిండును. మన కాళ్లు తడియవు గనుక మనకు తెలియదు.

2002లో యానాంకును యెదుర్లంకకును నడుమ గౌతమిమీద వంతెన వచ్చినది. అంతకుముందు అవతలికి పోవలెనంటే రేవులో పడవ కొరకు వేచియుండవలసినదే. వేచియున్నవాడు నీటిని చూచును, గాలిని చూచును, పొద్దును చూచును. వంతెనమీద పోవువాడు నీటిని చూడనక్కరలేదు. వంతెన దేవుడిచ్చిన మేలే, దానినిబట్టి స్తోత్రము. అయితే నీటిని చూచు అలవాటు మననుండి పోయినది. విమానమున్నది, ఫోనున్నది, ఎప్పుడు కావలెనన్న అప్పుడు పోవచ్చును, మాట్లాడవచ్చును అనుకొనుచున్నాము. దారి ఎల్లప్పుడును ఉండుననుకొని, దాటుటను వాయిదా వేయుచున్నాము.

మాకు తెలిసిన ఒక కుటుంబపు సంగతి పేర్లు లేకుండ చెప్పెదము. అన్నదమ్ములు ఇద్దరు. అన్న గోదావరి ఒడ్డున ఊరిలోనే ఉండెను. తమ్ముడు పనికొరకు దూరము వెళ్లి, అక్కడి సంఘములో పరిచారకుడాయెను. తండ్రి పోయిన తరువాత పెరటిగోడ దగ్గర ఒక నులకమంచము పట్టునంత జాగా కొరకు ఇద్దరికి మాట పట్టింపు వచ్చినది. తమ్ముడు రెండేండ్లకొకసారి సెలవుమీద వచ్చును. అత్తవారింట దిగును. అన్న ఉన్న వీధిలోనికి పోడు. భార్య అడిగినయెడల, "వచ్చే సెలవుకి చూద్దాంలే" అనును. ఆలాగు నాలుగు సెలవులు గడిచినవి.

ఒకనాడు వదిన ఫోను చేసి, "బాబూ, మీ అన్నయ్యకి మాట పడిపోయింది. మనుషుల్ని గుర్తుపడుతున్నారు, అంతే" అని చెప్పెను. తమ్ముడు మూడవనాటికి వచ్చెను. అన్న అతనిని గుర్తుపట్టి చెయ్యి పట్టుకొనెను. తమ్ముడు క్షమించుమని ఏడ్చెను, అన్న వినెను, ఏదో చెప్పబోయెను గాని మాట రాలేదు. ఆ వారములోనే ఆయన ప్రభువునొద్దకు వెళ్లెను. కొన్ని నెలలకు ఆ తమ్ముడు మాతో అన్నమాట ఇది: "జాగా నాకే వదిలేశారు మాస్టారూ. మా అన్నయ్య ఆ వేళ ఏం చెప్పబోయాడో మాత్రం నాకు తెలీదు."

అతడు రక్షింపబడినవాడే. ప్రభువు అతనిని క్షమించియున్నాడని మేము నమ్ముచున్నాము. అయితే ఎనిమిది సంవత్సరములు పాటు వేళ ఉండెను, కాలువ మోకాటిలోతు ఉండెను, నాలుగు అడుగులు వేసినయెడల సరిపోవును. క్షమాపణ ఆలస్యముగా దొరకవచ్చును. కలిసి బ్రదుకవలసిన దినములు మాత్రము తిరిగి రావు. సూర్యుడు అస్తమించువరకు కోపము నిలుపుకొనకూడదని ఎఫెసీయులకు 4:26లో అపొస్తలుడు చెప్పినది ఇందుకే. రాత్రి వచ్చునని, అప్పుడు ఎవడును పని చేయజాలడని యోహాను 9:4లో ప్రభువే హెచ్చరించెను.

ఇచ్చట ఒక మాట జాగ్రత్తగా చెప్పవలెను. ఆలస్యము చేయకయే ఆలస్యమైనవారు మనలో ఉన్నారు. 2020 మార్చిలో కరోనావలన విమానములు నిలిచిపోయినప్పుడు, తల్లి మట్టి కార్యమునకు రాలేక, ఫోనులో చూచి ఏడ్చినవారు ఉన్నారు. అట్టివారిమీద ఈ మాటలు రాళ్లుగా పడకూడదు. బర్మాలో మొదటి బాప్టిస్టు మిషనెరీలలో ఒకరైన అదోనిరాం జడ్సన్‌గారు 1826లో దౌత్యబృందముతో ఆవా నగరమునకు పోవలసివచ్చెను. ఆయన అక్కడ ఉండగా, అక్టోబరు నెలలో ఆయన భార్య ఆన్ అమ్హెరస్టులో జ్వరముతో మరణించెను. ఆయన తిరిగి వచ్చినది మరుసటి జనవరిలో. సమాధియే ఆయనకు ఎదురుపడెను. ఆయన నిర్లక్ష్యము చేసినవాడు కాడు, పనిమీద పోయినవాడు. కొన్ని దారులను మన తప్పిదము లేకుండనే నీరు కప్పును. ఆలాటి చోట్ల మన ప్రభువు నీటిమీద నడచి వచ్చువాడు. మత్తయి 14వ అధ్యాయములో శిష్యులు గట్టునకు చేరలేకపోయినప్పుడు ఆయనే వారియొద్దకు వచ్చెను గదా! దాటలేనివానికి ఆదరణ ఉన్నది. దాటగలిగియు కూర్చున్నవానికి హెచ్చరిక ఉన్నది. రెంటిని కలిపివేయకుడి.

మరియొక సంగతి. పోటు చెప్పి వచ్చును. ఉప్పెన మన పట్టికలలో ఉండదు. కోరంగిని 1789లోను, మరల 1839లోను తుపాను ఉప్పెనలు పాడుచేసినవి. అంతటి రేవు మరల మునుపటివలె లేవలేదు. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమలోను యానాం చుట్టుపట్లను ఎంత నష్టము చేసెనో మీలో కొందరు కన్నులార చూచితిరి. ఆ తుపానులో మొత్తము వెయ్యి మందికి పైగా చనిపోయిరి. నేడు తుపాను హెచ్చరికలు మునుపటికంటె ముందుగా వచ్చుచున్నవి, దేవునికి స్తోత్రము. అయినను ఒక మనుష్యుని ఆయుష్షు ముగియు గడియను ఏ కార్యాలయమును ప్రకటింపదు. పట్టికలో ఉన్న పోటునే లెక్కచేయనివాడు, పట్టికలో లేని దినమునకు ఎట్లు సిద్ధపడును?

సముద్రమునకు ఇసుకను సరిహద్దుగా నియమించినవాడు దేవుడని యిర్మీయా 5:22 చెప్పుచున్నది. ఇసుక ఎంత బలహీనమైనది! పిడికిట నిలువదు. అయినను దేవుని ఆజ్ఞవలన అది మహాసముద్రమును నిలుపుచున్నది. సంఘములో మన పరిచర్యయు ఆలాటిదే. ఒక ఫోను మాట, ఒక ఉత్తరము, ఒక సాయంకాలపు సందర్శనము, ఇవి ఇసుక రేణువులే. దేవుడు వాటితోనే గట్లు కట్టును.

కావున పెద్దలముగా మేము మీకు మూడు పనులు విన్నవించుచున్నాము. రాబోవు ప్రభువు బల్లకు ముందుగా, మీరు మాటలాడని మనుష్యుడు ఒక్కరైనను ఉన్నయెడల, ఆయనకు మీరే మొదట ఫోను చేయుడి. తప్పు ఎవరిదని తేల్చుకొని చేయవలెనంటే నీరు ఎక్కిపోవును. బలిపీఠమునొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని మత్తయి 5:23–24లో ప్రభువు చెప్పినప్పుడు, తప్పు చేసినవాడు ఎవరో ఆయన విచారింపలేదు.

రెండవది, మీ పిల్లలకు వారమునకు ఒక్క అధ్యాయమైనను తెలుగులో చదివి వినిపించుడి. వారికి ఇతర భాషలలో వాక్యము దొరకును, నిజమే. అయితే ఊరిలోని అవ్వతో కలిసి ప్రార్థించుటకు వారికి ఆ భాష కావలెను. అవ్వ ఎల్లకాలము ఉండదు.

మూడవది, వాక్యము ఎరిగియు బాప్తిస్మమును వాయిదా వేయుచున్న యౌవనస్థులారా, "ఉద్యోగము వచ్చిన తరువాత, పెండ్లి అయిన తరువాత" అని మీరు చెప్పుట మేము వినుచున్నాము. మీరు నిలిచిన తిప్ప పొడిగానే ఉన్నది. మేము చూచుచున్నది మీ వెనుకనున్న కాలువను. అందుకే పిలుచుచున్నాము. మీరు సణిగినను ఫరవాలేదు, లేచి రండి.

ప్రార్థన చేయుదము. సముద్రమునకు హద్దు నియమించిన తండ్రీ, నీవు తెరచిన దారిని చూచు కన్నులను మాకు దయచేయుము. దాటవలసిన వేళ కూర్చుండనియ్యకుము. విడిపోయిన సహోదరులను ఈ నెలలోనే కలుపుము. దాటలేక దుఃఖించువారియొద్దకు నీవే నడచి రమ్ము. దూరదేశములలోనున్న నీ తెలుగు సంఘములను, ఊరిలో వారికొరకు ఎదురుచూచు వృద్ధులను ఒక్క కాపుదలలో ఉంచుము. మా ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.